సొంతంగా చేసిన కాగితం మీద లినో ప్రింట్ వేస్తే పీచు లేచి వస్తోంది, మిరప తొడిమలతో కాగితం కుదురుతుందా?

మేడగది, గుంటూరు:

అందరికీ నమస్కారం. నేను చదివింది పెయింటింగ్, మూడేళ్ళుగా మాత్రం లినోకట్ ఎక్కువ చేస్తున్నాను, అంటే మెత్తటి లినోలియం పలక (బ్లాకు) మీద బొమ్మ చెక్కి, ఇంక్ రాసి, కాగితం మీద అచ్చు తీయడం. బ్రాడీపేటలో మా ఇంటి మేడ మీద ఉన్న రేకుల గదే నా స్టూడియో. ప్రెస్ లేదు, గరిటె వెనకవైపుతో రుద్ది ప్రింట్లు తీస్తాను. ఇప్పటిదాకా కొన్న కాగితం మీదే వేశాను, ఇబ్బంది ఏమీ రాలేదు.

ఇప్పుడు చేస్తున్న సిరీస్ మా అమ్మ గురించి. అమ్మ ఇరవై ఏళ్ళకు పైగా మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళింది. సీజన్‌లో పొద్దున్నే వెళ్తే మళ్ళీ చీకటి పడ్డాకే ఇంటికి రావడం, రాత్రి చేతులు మండుతుంటే గిన్నెలో మజ్జిగ పోసుకుని అందులో చేతులు ముంచి కూర్చోవడం, నా చిన్నతనమంతా అదే చూశాను. ఆ చేతులే గీశాను, పది బ్లాకులు చెక్కడం అయిపోయింది. షాపులో కొన్న తెల్ల కాగితం మీద వేసి చూస్తే బొమ్మ బాగానే వచ్చింది గానీ ఆ కాగితానికీ అమ్మ చేతులకీ ఏ సంబంధమూ లేనట్టు అనిపించింది. అందుకని ఆ తొడిమలతోనే కాగితం చేద్దామని మొదలుపెట్టాను.

పాత నోటుపుస్తకాల కాగితాలు, కొంచెం దూది, రాత్రంతా నానబెట్టిన తొడిమలు కలిపి మిక్సీలో వేశాను. దోమల మెష్‌ని చెక్క ఫ్రేమ్‌కి బిగించి షీట్లు ఎత్తాను. ఎత్తడం వరకూ బాగానే ఉంది. ఏప్రిల్ ఎండలో మేడ మీద పెడితే గంటలో ఆరిపోయి అప్పడాల్లా వంకర్లు తిరిగాయి. ఇస్త్రీ చేసి వాటి మీదే ప్రింట్ వేస్తే, కాగితం ఎత్తేటప్పుడు పైన పీచంతా లేచి బ్లాకుకి అంటుకుపోయింది. ఇంక్ ప్రింటింగ్ ప్రెస్సుల్లో వాడే మామూలు ఆఫ్‌సెట్ ఇంకే. రెండో రంగు వేస్తే మొదటిదానితో కలవలేదు, ఈ కాగితం అంచులు ఎక్కడా తిన్నగా ఉండవు కదా, దేన్ని పట్టుకుని సరిచూసుకోవాలో తెలియడం లేదు. పైగా ప్రతి తొడిమ చుట్టూ గోధుమరంగు మచ్చ.

ఇంకొకటి, కారప్పొడినే రంగుగా వాడొచ్చా? ఎవరైనా ప్రయత్నించారా? నాకు ఈ పని కాగితంతో సహా నా చేతుల్తోనే అవ్వాలని ఉంది. ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పండి.

జనుము, విజయవాడ:

మేడగది గారూ, అమ్మగారి చేతులు అని చదవగానే మొత్తం రాయాలనిపించింది. కాస్త పొడవవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు మిక్సీ సంగతి. మిక్సీ బ్లేడు పీచుని కోస్తుంది గానీ దంచదు. కాగితానికి బలం వచ్చేది పీచు పొడవు వల్ల, ఆ పీచు ఒళ్ళు చిట్లి పైన సన్నటి నూగు లేచి పక్క పీచుని పట్టుకోవడం వల్ల. ఆ నూగు దెబ్బ పడితేనే లేస్తుంది. చేతికాగితం యూనిట్లలో దీనికోసమే హాలండర్ బీటర్ అనే యంత్రం పెట్టుకుంటారు. మనకు అది లేకపోతే రోలూ రోకలీ ఉన్నాయి, నేను ఆరేళ్ళుగా వాటితోనే చేస్తున్నాను. దూది అయితే మిక్సీలో ఉండకట్టి బ్లేడుకి చుట్టుకుంటుంది, అందులో దాని పీచు విడిపోనే విడిపోదు. నోటుపుస్తకం కాగితంలో పీచు ముందే పొట్టిది, దాన్ని మళ్ళీ కోస్తే ఇంకేం మిగులుతుంది? అందుకే మీ షీట్‌కి పైన పట్టు లేదు, ఇంక్ జిగురుకి లేచి వచ్చేస్తోంది. న్యూస్‌పేపర్ జోలికి మాత్రం అసలు వెళ్ళకండి, అందులో లిగ్నిన్ (చెక్కలో పీచుని పట్టి ఉంచే పదార్థం) అలాగే ఉంటుంది, చూస్తుండగానే పచ్చబడుతుంది.

తొడిమలో పీచు చాలా తక్కువ. ఒట్టి తొడిమలతో చేస్తే షీట్ చేతిలోనే విరిగిపోతుంది. మోసే పీచు వేరేది కావాలి, తొడిమ అందులో కనిపించాలి, అంతే. మోసే పీచుకి నేను చెప్పేది జనుము. ఈమధ్య జ్యూట్‌ని కూడా జనపనార అనే రాస్తున్నారు, నేను అనేది అది కాదు. మన డెల్టాలో వరి కోశాక పశువుల మేతకీ పచ్చిరొట్టకీ చల్లుతారే, ఆ జనుము. జ్యూట్‌లో లిగ్నిన్ ఎక్కువ, ఏళ్ళు గడిచేకొద్దీ నల్లబడుతుంది. జనుములో చాలా తక్కువ. మన దేశంలో పాతకాలం కాగితాలు ఎన్నో పాత జనుము తాళ్ళతో, వాడి చిరిగిన గోనెలతో చేసినవే. మేతకి లేతగా ఉన్నప్పుడే కోసేస్తారు కాబట్టి, తెలిసిన రైతుని అడిగి గట్టు మీద కాస్త ముదరనివ్వమనండి. కట్టలు కట్టి వారం పైన నీళ్ళలో ఊరేస్తే నార ఊడి వస్తుంది.

ఆ నారని అంగుళం ముక్కలు చేసి, ఎండు బరువులో ఐదో వంతు చాకలి సోడా వేసి మూడు గంటలు ఉడికించండి. స్టీలు గిన్నెలోనే, అల్యూమినియం గిన్నెని సోడా తినేస్తుంది. రెండు వేళ్ళతో లాగితే ఇట్టే విడిపోవాలి, అప్పుడు ఉడికినట్టు. తర్వాత నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగాలి, ఇందులో మాత్రం తొందరపడొద్దు. మీ గుంటూరులో బోరు నీళ్ళలో ఇనుము ఉంటే కొన్నాళ్ళకు కాగితం మీద తుప్పు చుక్కలు తేలతాయి, కనీసం ఆఖరి కడుగు, షీట్లెత్తే తొట్టి మంచినీళ్ళతో చేయండి. ఆపైన దంచడం. అరకిలో నారకి నేనూ మా చెల్లీ మార్చుకుంటూ మూడు గంటలు దంచుతాం. గాజు గ్లాసు నీళ్ళలో చిటికెడు వేసి కలిపి చూస్తే మబ్బులా పరుచుకోవాలి, పోగులు కనిపిస్తే ఇంకా దంచాలి.

తొడిమల్ని విడిగా ఉడకబెట్టండి, రంగునీళ్ళు పారబోసి మళ్ళీ ఉడకబెట్టండి. మీకు మచ్చలు వచ్చింది పచ్చివి వేయడం వల్లే, ఆరేటప్పుడు వాటి రసం చుట్టూ ఇంకిపోయింది. ఈ పని ఆరుబయటే చేయండి, గాలికి ఎదురుగా నిలబడకండి. ఆ ఆవిరి ఘాటు ఎలా ఉంటుందో మీ ఇంట్లోవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఉడికినవాటిని దంచకుండా, చివర్లో తొట్టిలో కలపండి. పది వంతుల్లో ఒక వంతు చాలు.

పటమట ప్రింటర్, విజయవాడ:

పైన చెప్పినవన్నీ నిజమే. కానీ నేను కొంచెం వేరేగా అంటాను, ఏమీ అనుకోవద్దు జనుము గారూ.

నేను చెన్నై లలిత కళా అకాడమీ ప్రాంతీయ కేంద్రం గ్రాఫిక్ స్టూడియోలో కొన్నాళ్ళు పనిచేశాను. అక్కడ నాకు అర్థమైంది ఏంటంటే, పది బ్లాకులు ఉండి, ఒక్కోదానికి ఎనిమిది పది ప్రింట్లు తీయాలంటే వంద మంచి షీట్లు కావాలి, పాడయ్యేవి కలిపితే నూట యాభై. ఒక్కరే రోకలితో దంచి అన్ని షీట్లు ఒకేలా తేవడం మాటలు కాదు. కాగితం దగ్గరే ఏడాది గడిచిపోతుంది, చెక్కిన బ్లాకులు అలా పడుంటాయి. నాకు అలా జరిగింది, ఆ సిరీస్ ఇప్పటికీ పూర్తికాలేదు. అందుకే చెప్తున్నాను.

మధ్యేమార్గం ఒకటి ఉంది, షీన్ కొలే. అడుగున పుదుచ్చేరి ఆశ్రమం కాగితమో సాంగనేర్ నూలు కాగితమో, ఏదో ఒక గట్టి కాగితం కొనుక్కోండి. మీ తొడిమల కాగితాన్ని మాత్రం బాగా పల్చగా, చేతుల బొమ్మ పట్టేంత సైజులో చేసి, దాని మీదకి గోధుమపిండి జిగురుతో అతికించి, దాని మీద ప్రింట్ వేయండి. పల్చటి షీట్‌కి అరటి నార చాలా బాగుంటుంది, కృష్ణ లంకల్లో గెల కొట్టేశాక బోదెలు ఊరికే పడేస్తారు. ఉడికించే పద్ధతి జనుముకి చెప్పినదే. ఆరాక పెళపెళలాడుతూ కాస్త పారదర్శకంగా వస్తుంది. తొట్టిలో బెండకాయ జిగురు కలపండి, నీళ్ళు మెష్‌లోంచి నెమ్మదిగా దిగి పీచు సమంగా పరుచుకుంటుంది. జపాన్‌లో కాగితం చేసేవాళ్ళు తొరొరో అవోయి అనే మొక్క వేరు జిగురు వాడతారు, అది మన బెండకి దగ్గరి చుట్టమే.

రిజిస్ట్రేషన్ గురించి, అంటే ఒక రంగు మీద ఇంకో రంగు సరిగ్గా కూర్చోవడం. చేతికాగితం మీద రెండోసారి ప్రింట్ వేయడం ఎప్పుడూ కష్టమే, అంచుల సంగతి అలా ఉంచండి, తడికి కాగితం సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది, నిన్నటి కొలత ఇవాళ ఉండదు. రంగులన్నీ ఒకేసారి దింపే దారి చూడండి. బ్లాకుని రంగు హద్దుల వెంట ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకి విడిగా ఇంక్ రాసి, మళ్ళీ కలిపి పెట్టి ఒకే ప్రింట్ తీయొచ్చు. నార్వే చిత్రకారుడు మంక్ చెక్క బ్లాకుల్ని అలాగే కోసి వేశాడు. ఒకే ప్లేటు మీద ఒకేసారి పలు రంగులు అంటే మన చిత్తూరు జిల్లాలో 1925లో పుట్టి పారిస్ వెళ్ళిన కృష్ణారెడ్డి గారి పేరు చెప్పుకోవాలి. ఇంకుల్లో నూనె పాళ్ళు మార్చి, మెత్తటి రోలరు గట్టి రోలరు వాడి ఆయన చేసింది లోతుగా చెక్కిన లోహపు ప్లేట్ల మీద, లినోకి అదే పద్ధతి పనికిరాదు. కానీ ఆలోచన పనికొస్తుంది, కాగితాన్ని ఒక్కసారే ఇబ్బంది పెట్టడం.

బైండింగ్ పని, విజయవాడ:

మాది గవర్నర్‌పేటలో పాత బైండింగ్ షాపు. నాన్నగారి తర్వాత నేను చూస్తున్నాను, సొంతంగా కొద్దిగా వుడ్‌కట్ (చెక్క బ్లాకు ప్రింట్లు) కూడా చేస్తాను. పీచు లేవడానికి ఇంకో కారణం ఎవరూ చెప్పలేదు. మీ కాగితానికి సైజింగ్ లేదు. సైజింగ్ అంటే కొలత కాదండీ, కాగితానికి పట్టించే గంజి లాంటిది. అది లేని కాగితం బ్లాటింగ్ పేపర్‌తో సమానం.

బేకరీ సామాన్ల కొట్లో జెలటిన్ దొరుకుతుంది. రెండు లీటర్ల నీళ్ళకి యాభై గ్రాములు, ముందు చల్లనీళ్ళలో నానబెట్టి తర్వాత గోరువెచ్చగా కరిగించండి, మరగనివ్వొద్దు. షీట్లు చేశాక కనీసం రెండు మూడు వారాలు ఆగి, వెడల్పు ట్రేలో ఒక్కొక్కటి ముంచి తీయండి. బియ్యం గంజి పల్చగా బ్రష్‌తో రాసినా సరిపోతుంది, కాకపోతే పురుగు తొందరగా పడుతుంది. రుద్ది తీసే లినోకి ఎక్కువ సైజింగ్ కూడా వద్దు, కాగితం బిరుసెక్కి ఇంక్ తీసుకోదు.

ఒక మాట జాగ్రత్తగా వినండి. మా వృత్తిలో మైదా జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలపడం తాతల నాటి అలవాటు, ఎవరైనా మీకు అదే సలహా ఇస్తారు. అకౌంట్ పుస్తకాలకి సరే గానీ బొమ్మలకి వద్దు. రాగి లవణం కాగితాన్ని లోపల్నుంచి తినేస్తుంది, పీచు పెళుసైపోతుంది. పటిక కూడా అంతే, గట్టిపడుతుందని వేస్తారు, దానిది ఆమ్ల గుణం. ఈ రెండూ లేకుండా చేసి, ఆరాక మందపాటి అట్టల మధ్య పెట్టి, గోడకి ఆనకుండా, నేలకి ఎత్తుగా దాచుకోండి. మా షాపులో అలా దాచినవి బాగానే ఉన్నాయి.

ఆఫ్‌సెట్ ఇంక్ లాగుడు ఎక్కువ, మెషిన్ మీద వేగంగా తిరగడానికి చేసింది కదా. గాజు మీద వేసి, రెండు మూడు చుక్కలు అవిసె నూనె కలిపి బాగా నూరండి. చాకుతో ఎత్తితే సాగకుండా మెత్తగా తెగాలి. కాగితాన్ని ముందురోజు రాత్రి స్ప్రేతో లైట్‌గా తడిపి, ప్లాస్టిక్ కవర్లో దొంతరగా పెట్టి, పొద్దున ప్రింట్ వేయండి. సగం బలంతోనే ఇంక్ దిగుతుంది. నీళ్ళలో మాత్రం ముంచొద్దు.

మేడగది, గుంటూరు:

ఇంత వివరంగా రాస్తారనుకోలేదు, అందరికీ చాలా థాంక్స్. పటమట గారూ, మీ మాట కొట్టిపారేయలేను. వంద షీట్లు అనగానే టెన్షన్ వచ్చింది. కానీ ఎన్ని ప్రింట్లు అనేది నాకు ముఖ్యం కాదని ఇప్పుడు తెలుస్తోంది, ఒక్కో బ్లాకుకి మూడు చాలు. మూడూ ఒకేలా ఉండకపోయినా ఫర్వాలేదు, అమ్మ ఏ రెండు రోజులూ ఒకేలా గడపలేదు. జనుము అక్కా, తడి షీట్లని ఎలా ఒత్తుతున్నారు? నేను పైన పీటా, దాని మీద రెండు బియ్యం బస్తాలూ పెడుతున్నాను. కారప్పొడి గురించి కూడా ఎవరైనా చెప్పండి.

జనుము, విజయవాడ:

బస్తాలు చాలవమ్మా. ఒత్తిడి పడినప్పుడే పీచులు ఒకదానికొకటి దగ్గరై అతుక్కుంటాయి, సగం బలం అక్కడే వస్తుంది. నేను ఆటోనగర్‌లో చేయించుకున్నాను. సి ఛానల్‌తో (C ఆకారంలో ఉండే ఇనుప కమ్మీ) గట్టి చట్రం వెల్డింగ్ చేయించి, మధ్యలో లారీలకి వాడే 20 టన్నుల బాటిల్ జాక్ పెట్టించాను. సెకండ్ హ్యాండ్ జాక్ దొరుకుతుంది, ఆయిల్ కారకుండా చూసుకుని తీసుకో. చట్రం మాత్రం ఇనుముదే ఉండాలి, నేను మొదట చెక్కతో చేయిస్తే ఒత్తిడికి పగిలి ముక్క ఎగిరి గోడకి తగిలింది, అదృష్టం బాగుండి ఎవరూ అటు లేరు. షీటుకీ షీటుకీ మధ్య పాత ఊలు దుప్పటి ముక్కలు వేసుకో. జాక్ ఒక్కసారిగా కొట్టొద్దు, కొంచెం ఒత్తి నీళ్ళు కారనిచ్చి మళ్ళీ ఒత్తు, లేకపోతే లోపలి నీళ్ళు షీట్‌ని చీల్చుకుని బయటికొస్తాయి.

తర్వాత తడిగా ఉండగానే నున్నటి ప్లైవుడ్ మీదకో గాజు మీదకో బ్రష్‌తో అతికించి నీడలో వదిలేయ్. అంచులు పట్టుకుని ఉంటాయి కాబట్టి వంకర పోదు, ఆరాక దానంతట అదే ఊడుతుంది. మన ఎండలో తిన్నగా పెడితే పైపొర ముందే బిగుసుకుపోయి, లోపల ఇంకా తడిగా ఉంటుంది, అప్పడం అయ్యేది అందుకే.

కావి, తెనాలి:

కారప్పొడి నేను వాడి దెబ్బతిన్నాను కాబట్టి చెప్తున్నాను. మిరప ఎరుపు నూనెలో కరిగే రంగు, క్యారెట్‌లో ఉండే రంగు జాతిదే. ఇంక్‌లో చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, వెలుతురు తగిలితే నిలవదు. కిటికీ పక్కన పెట్టిన నా ప్రింట్ ఒక వేసవి తిరక్కుండానే చప్పటి పసుపైపోయింది. ఎరుపు కావాలంటే జేగురు (ఎర్రమట్టి) వాడండి. మెత్తగా నూరి, నీళ్ళలో తేర్చి, ఆరబెట్టి, అవిసె నూనెతో కలుపుకోండి. అది ఇనుము వల్ల వచ్చే ఎరుపు, వెలిసిపోదు. మా ఊళ్ళ గడపలకీ అరుగులకీ రాసిందే కాబట్టి ఇంట్లో పనిచేసిన మనిషి బొమ్మకి నప్పుతుందని నా నమ్మకం.

ఇంకో సంగతి. ప్రింట్ అంటే ఇంకే ఉండాలని లేదు. సోమనాథ్ హోర్ గారు 1970లలో శాంతినికేతన్‌లో గాయాల మీద చేసిన సిరీస్‌లో ఇంక్ చుక్క లేదు. ముందు మట్టి పలక మీద కోతలు, గాట్లు పెట్టి, దాని నుంచి సిమెంట్ అచ్చు తీసి, ఆ అచ్చులో తెల్లటి కాగితపు గుజ్జు ఒత్తారు. తెలుపు మీద తెలుపు, గాటు మాత్రం చేతికి తగులుతుంది. 1943 బెంగాల్ కరువుని కళ్ళారా చూసి గీసిన మనిషి ఆయన. మీ దగ్గర గుజ్జు ఎలాగూ ఉంటుంది, మిర్చి బస్తా గోనె మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి అచ్చు తీయండి, దానికి రెండు పూతలు వార్నిష్ వేసి, గుజ్జు పరిచి స్పాంజితో ఒత్తి, అచ్చులోనే ఆరనివ్వండి. గోనె నేత మొత్తం కాగితంలో దిగుతుంది. దాని మీద చేతుల బ్లాకు వేయొచ్చు, వేయకుండా అలాగే వదిలేయొచ్చు.

మేడగది, గుంటూరు:

నెల దాటాక వస్తున్నాను. జనుము అక్క భవానీపురం వాళ్ళింటికి పిలిచి రెండు రోజులు దగ్గరుండి చేయించింది, కిలో నార కూడా ఇచ్చి పంపింది. జాక్ ప్రెస్ నాకింకా లేదు, షీట్లు అక్కడే ఒత్తుకుని ప్లైవుడ్‌లకి అతికించి ఆటోలో బస్టాండుకి తెచ్చుకున్నాను. మొత్తం ఇరవై రెండు వచ్చాయి, పంతొమ్మిది బాగున్నాయి. జెలటిన్ పట్టించి, ఇంక్‌లో అవిసె నూనె కలిపి, తడిపిన కాగితం మీద వేశాను. ఒక్క పీచు కూడా లేవలేదు. మొదటి ప్రింట్ ఎత్తినప్పుడు చేతులు వణికాయి.

రంగుల సంగతి పటమట గారు చెప్పినట్టే చేశాను, బ్లాకుని మణికట్టు దగ్గర కోసి రెండు ముక్కలకీ విడిగా రాశాను, చేతులకి జేగురు, గాజులకీ చీర అంచుకీ నలుపు. కోసినచోట వెంట్రుకవాసి తెల్ల గీత వస్తోంది, అది ఉంచేస్తున్నాను. గోనె అచ్చు ఒకటే చేశాను, నేత బాగా దిగింది గానీ మధ్యలో పల్చబడి చిల్లు పడింది, గుజ్జు ఇంకా మందంగా పరవాలేమో.

అమ్మకి చూపించాను. బొమ్మ కన్నా ముందు కాగితం మీద వేలితో రాసి చూసింది. "ఇవి తేజ తొడిమలు కదూ, సన్నగా ఉన్నాయి" అంది. నిజంగానే అవి తేజ రకం బస్తాలోవే. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, ప్రింట్ మాత్రం ఇవ్వకుండా ఒళ్ళోనే పెట్టుకుంది.

వానలు పడేలోపు ఇంకో ఇరవై షీట్లు చేయాలి. పొన్నూరు, తెనాలి వైపు ఎవరి పొలం గట్ల మీదైనా ముదిరిన జనుము మిగిలి ఉంటే చెప్పండి, నేనే వచ్చి కోసుకుంటాను.